అట్టముక్క మేస్త్రీ, మూడో ఫ్లైవీలూ

మేస్త్రికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ రెండు వస్తువుల్నీ ముందు అట్టముక్క మీద కొలత తీసి, కత్తిరించి, పెట్టి చూసుకోనిదే కలపడు. తలుపుకి గడియ బిగించాలన్నా, సీసాకి మూత వెతకాలన్నా, దిండుకి గలీబు తొడగాలన్నా ముందు అట్ట, తరవాతే మిగతా ప్రపంచం. మనిషి మంచివాడు. పాత కార్ల ఇంజన్ల దగ్గర ఆయన్ని మించిన చెయ్యి లేదు. కాకపోతే ఆయనతో కలిసి పనిచెయ్యడానికి బోలెడంత ఓపిక కావాలి. షెడ్డులో పన్నెండేళ్ళుగా ఆయన పక్కన పనిచేస్తున్న బావమరిదికి ఆ ఓపిక పొద్దున్నే నిండా ఉండేది, టీ వేళకల్లా అడుగంటేది.

బావమరిది పొట్టివాడు. ఆ మాట అతని ముందు ఎవరూ అనకూడదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి "బాబూ, నాన్నగారు లేరా?" అని వెనకనుంచి పిలిచినందుకు ఆయన బండికి పంచరు వెయ్యకుండా పంపేశాడు. మేస్త్రి మాత్రం కరెంటు స్తంభమంత పొడుగు. విచిత్రం ఏమిటంటే, షెడ్డులో పానాలన్నీ నడుమెత్తు కొక్కేలకి వేలాడుతుండేవి. మేస్త్రి ఒక్కో పానా కోసం వంగేవాడు, లేస్తూ నడుం పట్టుకుని "అమ్మయ్య" అనేవాడు. రోజుకి నలభైసార్లు వంగడం, నలభైసార్లు అమ్మయ్య.

"లోకంలో ఉన్నవన్నీ కొలుస్తావు. నీ ఎత్తు చూసుకుని కొక్కేలు కొట్టుకోలేకపోయావా బావా?" అని బావమరిది పకపకా నవ్వేవాడు.

"కొట్టేటప్పుడు చూసుకోలేదురా" అనేవాడు మేస్త్రి, ఇంకో పానా కోసం వంగుతూ.

మేస్త్రి భార్య, అంటే బావమరిదికి అక్క, ఈ పిచ్చి గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే కథ చెప్పేది. "మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు అందరూ నన్ను చూస్తుంటే, ఈయన గుమ్మంలో కూర్చుని నా చెప్పులు చూస్తున్నాడు. జేబులోంచి అట్టముక్క తీసి వాటి చుట్టూ పెన్సిల్‌తో గీశాడు. మా నాన్న హడలిపోయాడు, పిల్లాడికి మతి ఉందా లేదా అని. పెళ్ళయిన వారానికి కొత్త చెప్పుల జత తెచ్చాడు. చెప్పొద్దూ, ఇన్నేళ్ళలో నా కాలికి ఒక్క పొక్కు రాలేదు."

పక్కింటివాళ్ళ బీరువా సంగతి ఇంకా గొప్పది. అది మేడ మెట్ల మలుపులో పడుతుందో లేదో అని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే మేస్త్రి అట్టపెట్టెలు అతికించి, సరిగ్గా అసలుదంత అట్ట బీరువా తయారుచేశాడు. దాని లోపల దూరి మెట్లెక్కాడు. పైనుంచి దిగుతున్న ముసలావిడ, తనంతట తానే నడిచొస్తున్న బీరువాని చూసి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు అసలు బీరువా వెన్నలా పైకి వెళ్ళింది. ముందురోజు మలుపులో ఇరుక్కున్నది అట్ట బీరువాయే, లోపల మోచేతులు చాపుకుని నిలబడ్డ మేస్త్రితో సహా.

"చూశారా, మోచేతులు లేకపోతే పడుతుంది" అన్నాడు లోపల్నుంచి.

ఈ పిచ్చికి మూలం ఒక ఫ్లైవీల్. ఇంజను వెనకాల తిరిగే బరువైన ఇనుప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. ఇంజను నడుములాంటిది క్రాంకు. దాని చివర ఈ చక్రాన్ని బోల్టులతో బిగిస్తారు. మేస్త్రి కొత్తగా పని నేర్చిన రోజుల్లో ఒక పాత కారుకి ఇంకో కారు ఫ్లైవీల్ తెచ్చి, బోల్టులు పట్టాయి కదా అని బిగించేశాడు. ఆ చక్రానికి ఒక పక్క బరువెక్కువని చూసుకోలేదు. బండి స్టార్టు చేశారు. అద్దం ఊడింది. హారన్ దానంతటదే మోగింది. వెనక సీట్లో కూర్చున్న ఓనరు కట్టుడుపళ్ళు ఆయన నోట్లోంచి బయల్దేరి ముందు సీట్లో దిగాయి. ఆ పళ్ళని తుడిచి చేతికిచ్చిన మేస్త్రి, ఇక జన్మలో చూసుకోకుండా దేన్నీ కలపనని ఒట్టేసుకున్నాడు.

అప్పట్నుంచీ పద్ధతి ఇది. క్రాంకు చివర నూనె పూసి, దానిమీద అట్ట అద్ది, సుత్తితో మెల్లగా తట్టేవాడు. బోల్టుల చిల్లులు అట్టమీద అచ్చు పడేవి. ఎన్ని చిల్లులు, ఏది కాస్త పక్కకి జరిగి ఉంది, నడిమి గుంట ఎంత, అన్నీ. ఆ అట్ట పట్టుకుని ఫ్లైవీల్ దగ్గరికి వెళ్ళి పెళ్ళిసంబంధం చూసినట్టు చూసేవాడు. కుదిరితే "కలిసింది" అనేవాడు. కుదరకపోతే "కలవలేదు". మూడో మాట ఉండేది కాదు. షెడ్డు గోడ నిండా మేకులకి ఈ అట్టలే. గాలి వీస్తే గోడంతా టపటపా కొట్టుకునేది.

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున్న స్కూలు వ్యాను వచ్చింది. వచ్చిందంటే నడిచి కాదు, తాడుతో లాగించుకుని. ఇరవై రెండేళ్ళ వ్యాను. క్రాంకు విరిగింది. దాన్ని ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న డ్రైవరు పెద్దాయన, చంటిబిడ్డని ఆస్పత్రికి తెచ్చిన తల్లిలా పక్కనే నడుచుకుంటూ వచ్చాడు.

"సోమవారం స్కూలు తెరుస్తారు మేస్త్రీ" అన్నాడు పెద్దాయన. "ఆ పొద్దున గంట కొట్టే వేళకి వ్యాను గేటు దగ్గరుండాలి. లేకపోతే ట్రావెల్స్‌వాళ్ళతో మాట్లాడేసుకుంటానంది పెద్ద మేడం. వాళ్ళ బండి వాళ్ళ డ్రైవరుతోనే వస్తుంది. ఇంక నన్నేం చేసుకుంటారు?"

"ఇంటిపట్టున ఉండి సుఖపడండి పెద్దాయనా" అన్నాడు బావమరిది సరదాగా.

"ఒక్క ఆదివారం ఇంట్లో ఉంటేనే మా ఆవిడ నాచేత నాలుగుసార్లు కిటికీలు తుడిపిస్తుంది. ఏడు రోజులూ ఉంటే ఇంటికి కిటికీలు మిగలవు." నవ్వించి, తనూ నవ్వి, వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నాన్నల్ని దింపాను మేస్త్రీ, ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని దింపుతున్నాను. ఏ పిల్లకి ఏ మలుపులో వాంతొస్తుందో నాకు తెలుసు. కొత్తవాడికేం తెలుస్తుంది?"

మేస్త్రి జేబులోంచి అట్ట తీశాడు. "ఒకసారి ఎక్కి కూర్చోండి. క్లచ్చి తొక్కండి" అన్నాడు.

"క్రాంకు విరిగితే క్లచ్చి తొక్కడం ఎందుకు బావా?" అన్నాడు బావమరిది.

"పెడలు రబ్బరు అరిగింది. కొలత కావాలి." పెద్దాయన ఎడమ కాలి కింద అట్ట పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశాడు. "తొక్కండి. మళ్ళీ తొక్కండి. ఇంకోసారి." పదిసార్లు తొక్కించాడు. తరవాత బ్రేకు పదిసార్లు. బావమరిది ఆకాశంకేసి చూసి దణ్ణం పెట్టాడు.

బావమరిది పాత ఇనుము షాపులన్నీ గాలించి, అదే కంపెనీ ఇంజను క్రాంకు ఒకటి పట్టుకొచ్చాడు. కాకపోతే నాలుగేళ్ళ తరవాతి రకం. వ్యాను పాత ఫ్లైవీల్‌కి ఆరు చిల్లులు, దీనికి ఎనిమిది. మేస్త్రి అట్ట వేసి చూసి "కలవలేదు" అన్నాడు. అది అట్ట లేకుండా మేకపిల్లయినా చెప్పేస్తుంది. ఎనిమిది చిల్లుల ఫ్లైవీల్ వెతకాల్సి వచ్చింది. బావమరిది అట్ట జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

బుధవారం మొదటి ఫ్లైవీల్ తెచ్చాడు. చిల్లులు కలిశాయి. మేస్త్రి దాన్ని తిప్పి, అంచున అరచెయ్యంత ఇనుప ముద్ద చూపించాడు. "ఇది తిరిగేటప్పుడు ఒక పక్కకి ఒరిగే ఇంజన్ని సరిచెయ్యడానికి పెట్టిన బరువు. మనదానికి పెడితే పిల్లల టిఫిను డబ్బాలు నడిరోడ్డు మీద ఉంటాయి. కలవలేదు." ఓనరు కట్టుడుపళ్ళ సంగతి తెలిసినవాడు కాబట్టి బావమరిది దాన్ని వెనక్కి మోసుకెళ్ళాడు.

గురువారం రెండోది. చిల్లులు కలిశాయి, బరువూ లేదు. మేస్త్రి సుద్దముక్కతో ఒక పన్నుకి గుర్తు పెట్టి చక్రం చుట్టూ పళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు. సెల్ఫ్ మోటారు ఈ పళ్ళని పట్టుకునే ఇంజన్ని తిప్పుతుంది, కాబట్టి లెక్క తప్పకూడదు. నూటముప్ఫై దగ్గర ఉండగా ఫోను మోగింది. మళ్ళీ మొదటినుంచి.

"రెండు పళ్ళు తక్కువ. కలవలేదు."

"రెండు పళ్ళేగా బావా. మా నాన్నకి పదహారు తక్కువ, చక్కగా తింటున్నాడు."

"మీ నాన్న నాన్చుకుని తింటాడు. సెల్ఫ్ మోటారు నాన్చదు."

శుక్రవారం పొద్దున్న బావమరిది మూడోది తెచ్చాడు. ఈసారి అన్నీ తనే చూసుకున్నాడు. ఎనిమిది చిల్లులు, పక్కకి జరిగినదాంతో సహా. నడిమి గుంట సరి. బరువు ముద్ద లేదు. పళ్ళు మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ అదే లెక్క. చక్రాన్ని బల్లమీద పెట్టి, పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రి అట్టలన్నీ పెట్టి చూశాడు. చక్రాన్ని రెండోవైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. వ్యాను తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న పెద్దాయనకేసి ఒకసారి చూశాడు.

"కలవలేదు" అన్నాడు.

బావమరిదికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఏం కలవలేదు? ఏది కలవలేదు? వేలు పెట్టి చూపించు."

"కలవలేదురా."

"చిల్లులు కలిశాయా?"

"కలిశాయి."

"పళ్ళు?"

"కలిశాయి."

"బరువు?"

"సరిపోయింది."

"మరి నా మొహం నచ్చలేదా?"

"నీ మొహం అట్టమీద ఎప్పుడూ పెట్టి చూడలేదు" అని మేస్త్రి పానా కోసం వంగి, అమ్మయ్య అని లేచాడు.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగి పెద్ద మేడం దిగింది. ఆవిడ ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ గొంతు సవరించుకుంటే మూడు క్లాసులు అవతల పిల్లలు కూడా చేతులు కట్టుకునేవాళ్ళు. ఇక్కడ గొంతు సవరించుకోగానే బావమరిది తనకి తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు.

"మేస్త్రి గారూ, వ్యాను ఇంకా ముక్కలుగానే ఉందేం?" అంది. తరవాత పెద్దాయనకేసి తిరిగింది. "మీ ఒంట్లో ఎలా ఉందండీ? పిల్లలేదో అంటున్నారు, తాత గేరు మార్చేటప్పుడల్లా మూలుగుతున్నాడని."

"మూలిగేది వ్యానమ్మా. నేను గుర్రంలా ఉన్నాను" అంటూ పెద్దాయన కుర్చీలోంచి లేవబోయాడు. లేవడానికి వ్యాను తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. ఎడమ మోకాలు ఇంకా సగం వంగే ఉంది. మేడం అటే చూస్తోంది.

చేతిలో ఉన్న పెద్ద పానాని మేస్త్రి దబ్బున కింద పడేశాడు. షెడ్డంతా ఖంగుమంది. మేడం ఉలిక్కిపడి ఇటు తిరిగింది. ఆవిడ చేతిలో ఒక అట్ట పెట్టేశాడు. "మేడం, ఆలస్యమంతా నాదే. పెద్దాయనది ఏం లేదు. చూడండి, ఇది క్రాంకు మొహం. ఎన్ని చిల్లులో లెక్కపెట్టండి."

"ఎనిమిది" అంది మేడం, ఏం చెయ్యాలో తెలియక.

"ఏది పక్కకి జరిగిందో చెప్పండి. కాదు, ఆ పక్కది. సరే, ఇప్పుడు పళ్ళ దగ్గరికి వద్దాం." జీవితంలో మొదటిసారి మేడం ఒకరి ఎదుట నిలబడి పాఠం అప్పజెప్పింది. అరగంటకి నూనె మరకల చేతులతో, నూటముప్ఫై ఏడో పన్ను దగ్గర లొంగిపోయింది. "సోమవారం పొద్దున గంట కొట్టేలోపు తెండి చాలు. మిగతాది నాకు చెప్పకండి" అంటూ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. పెద్దాయనకేసి మళ్ళీ చూడాలని కూడా ఆవిడకి తోచలేదు.

"పాపం ఆవిణ్ణి చంపేశావు కదా బావా" అన్నాడు బావమరిది. "ఆ మూడోది బిగించి ఉంటే ఈపాటికి వ్యాను ఊరు చుట్టి వచ్చేది. పెద్దాయన ఉద్యోగం నీ అట్టముక్కల కిందే పోయేలా ఉంది."

శనివారం మేస్త్రి తనే బయల్దేరాడు. ఎప్పుడూ షెడ్డు కదలని మనిషి. చేతిలో రెండు అట్టలున్నాయి. సాయంత్రానికి ఇంకో ఫ్లైవీల్ భుజాన పెట్టుకుని, దానికి పట్టే క్లచ్ సామాను, ప్రెషర్ ప్లేటూ క్లచ్ ప్లేటూ, సంచిలో వేసుకుని వచ్చాడు. బావమరిది చూశాడు. మూడోదీ నాలుగోదీ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

"ఇది కలిసింది" అన్నాడు మేస్త్రి.

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. ఆదివారమంతా ఇద్దరూ కూర్చుని బిగించారు. ఆదివారం పూట తమ్ముణ్ణి కూడా పనిలో పెట్టాడని అక్క కోప్పడింది. అయినా క్యారేజీలో రెండు గిన్నెలు ఎక్కువే పెట్టి పంపింది.

సోమవారం తెల్లవారగానే పెద్దాయన వచ్చి వ్యాను ఎక్కాడు. ఇంజను పిల్లిలా గుర్రుమంది. ఆయన భయంభయంగా ఎడమ కాలు క్లచ్చి మీద పెట్టి, అలవాటుగా పెదవి కొరుక్కుని, తొక్కాడు. పెదవి వదిలేశాడు. మళ్ళీ తొక్కాడు. కిందికి వంగి, తన కాలే తొక్కుతోందా లేక ఇంకెవరిదైనానా అని చూసుకున్నాడు.

"మేస్త్రీ, ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది?"

"పాత రకం దొరకలేదు పెద్దాయనా. దొరికింది వేశాను. కొన్నాళ్ళు అలవాటు చేసుకోండి, తప్పదు" అన్నాడు మేస్త్రి విసుగ్గా, బోనెట్ మూసేస్తూ.

"చేసుకుంటాలే, నీకోసం" అన్నాడు పెద్దాయన. వ్యాను మలుపు తిరిగేలోపు మూడు గేర్లు మార్చాడు. అందులో రెండు అవసరం లేనివి. గంట మోగేసరికి వ్యాను గేటు దగ్గరుందని తరవాత తెలిసింది.

మేస్త్రి టీకి వెళ్ళాడు. బావమరిదికి ఒక పని మిగిలింది, ఆ మూడో ఫ్లైవీల్‌ని షాపులో తిరిగిచ్చెయ్యాలి. దాన్ని ఎత్తుతూ మొహంవైపు చూశాడు. క్లచ్ కూర్చునేది ఆ మొహం మీదే. చుట్టూ క్లచ్ బోల్టులకి చిల్లులుంటాయి. ఈ చిల్లుల వరస వేరు. ఇది చుట్టూ గట్టి స్ప్రింగులుండే పాత క్లచ్‌కి చేసిన చక్రం. దాన్ని తొక్కాలంటే నిజంగానే గుర్రం కావాలి. మేస్త్రి వేసిన నాలుగోదానికి పట్టేది ఒకే పలచటి స్ప్రింగున్న క్లచ్. చంటిపిల్ల తొక్కినా దిగుతుంది.

అతను మెల్లగా గోడ దగ్గరికి వెళ్ళాడు. వ్యాను మేకుకి మూడు అట్టలున్నాయి. ఒకటి క్రాంకుది. ఒకటి క్లచ్ ప్లేటు తొడిగే గేరుబాక్సు కడ్డీది. మూడోది మనిషి కాలిది, ఎడమ పాదం. దానిమీద మేస్త్రి కోడిగీతల రాతలో ఇలా ఉంది:

"పదిసార్లు తొక్కించాను. నాలుగోసారికి పెదవి కొరికాడు. ఏడోసారికి చేత్తో మోకాలు నొక్కాడు. కుడి కాలు ఉక్కు, బ్రేకు పదిసార్లూ పట్టింది. అది బాగోకపోతే వ్యాను తాళం నేనే తీసేసుకునేవాణ్ణి. మూడో ఫ్లైవీల్ కలవలేదు. నాలుగోది కలిసింది. ఎవరికీ చెప్పక్కర్లేదు."

బావమరిది ఆ రాతని మళ్ళీ మొదటినుంచి చదివాడు. కలవలేదు, కలవలేదు అని బావ అన్నప్పుడల్లా అందరూ క్రాంకుకేసి చూశారు. ఆయన చూసింది మోకాలికేసి. పెద్దాయన పరువు దక్కాలని, పిచ్చివాడనిపించుకోవడం తన వంతుకి తీసుకున్నాడు. అది ఆయనకి పెద్ద కష్టం కూడా కాదు, ముందే ఆ పేరుంది కాబట్టి.

అట్టని దాని మేకుకి తగిలించబోతే చెయ్యి జారి పక్క మేకు మీది కట్ట కింద పడింది. బాగా పాతవి, పసుపు రంగుకి తిరిగినవి. ఏరుతుంటే సన్నగా, పొడుగ్గా ఒక ముక్క కనిపించింది. కొలబద్దలా గీతలున్నాయి. ఒక చివర "నేల" అని, ఇంకో చివర "చెయ్యి ముందుకి చాపితే ఇంతవరకు" అని రాసుంది. పైన "బావమరిది" అని. తేదీ పన్నెండేళ్ళ కిందటిది, అతను ఆ షెడ్డులో పనికి చేరిన వారం.

బావమరిది ఆ ముక్కని నేలమీద ఆనించి నిలబెట్టాడు. పై చివర సరిగ్గా పానాల కొక్కేల దగ్గర ఆగింది.

అతను కొక్కేలకేసి చూశాడు. రోజుకి నలభైసార్లు. పన్నెండేళ్ళు. లెక్క కడదామనుకుని మానేశాడు.

"నడుమెత్తు కొక్కేలు అని నవ్వేవాణ్ణి కదా" అనుకున్నాడు. "అది నా చేతికి అందే ఎత్తని ఒకసారైనా చూసుకున్నానా." అక్కడ ఎవరూ లేకపోయినా చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. ఎత్తు సంగతి కదా, హక్కుంది. కోపం ఎంత పిలిచినా రాలేదు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి వచ్చి, ఇంజను ముందు నిలబడి, ఎప్పట్లాగే తన పెద్ద పానా కోసం చూడకుండానే కిందికి వంగాడు. చెయ్యి గాల్లో ఆడింది. అక్కడ పానా లేదు.

"ఒరేయ్, నా పానా ఏదిరా?"

"పైన చూడు బావా."

పానా ఆయన భుజమెత్తున కొత్త కొక్కేనికి వేలాడుతోంది. దాని కింద గోడకి ఆనించి ఒక స్టూలు ఉంది. స్టూలు ఎందుకు వేసుకోవాల్సి వచ్చిందో ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

మేస్త్రి కొక్కేనికేసి చూశాడు, గోడకేసి చూశాడు, కొత్తగా వేలాడుతున్న సన్నటి పొడుగాటి అట్టముక్కకేసి చూశాడు. దానిమీద పైన "బావ" అని రాసుంది.

"అట్ట వేసి చూశాకే కొట్టావా?"

"చూశాకే కొట్టాను. నిన్న నువ్వు టీ తాగి గుమ్మంలో నిలబడ్డప్పుడు వెనకనుంచి పెట్టి చూశాను. కలిసింది."

మేస్త్రి వంగకుండా చెయ్యి చాపి పానా అందుకున్నాడు. జేబులోంచి తన అట్ట తీశాడు, కొక్కేనికి ఆనించి ఒక కన్ను మూసి చూశాడు.

"అరంగుళం ఎక్కువైంది" అన్నాడు.

"మార్చమంటావా?"

"వద్దులే" అని మేస్త్రి పనిలో పడ్డాడు. అలవాటు చొప్పున మాత్రం "అమ్మయ్య" అన్నాడు.